మా రోజుల్లో గోలితో పాటు ఒక మాట ఉండేది

సీసా ఎవరిది వాళ్లే తెచ్చుకోవాలి. 1972లో నేను నాగర్‌కర్నూలు సర్కారు దవాఖానలో కాంపౌండర్‌గా చేరిన నాటికి అదే పద్ధతి. ఆముదం సీసానో, సోడా సీసానో, ఏది దొరికితే అది కొంగుచాటున పెట్టుకొచ్చేవాళ్లు. వేడినీళ్లతో కడిగి, ఎర్ర మిక్చర్ పోసి, బిరడా పెట్టేవాణ్ణి. అసలు పని ఆ తర్వాత మొదలయ్యేది. తెల్లకాగితాన్ని వేలెడు వెడల్పున చీల్చి, మడత మీద మడత పెట్టి, అంచున కత్తెరతో ఒక్క గాటు కొట్టేవాణ్ణి. మడత విప్పితే కాగితం పొడవునా సమానంగా గాట్లు పడేవి. దాన్ని మైదా జిగురుతో సీసా పక్కన అంటించి, ఆ మనిషి వేలు పట్టుకుని ఆ గాట్ల మీద పెట్టించేవాణ్ణి. "ఇది పొద్దున, ఇది మాపటికి. కింది గాటు కాడికి వచ్చినంక నాకు మళ్లీ కనబడాలె." అక్షరం ముక్క రానివాళ్లు కూడా ఆ లెక్క తప్పలేదు.

అప్పుడు మా దగ్గర ఉన్న మందులు చేతివేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. ప్రతి మందుతో పాటు మాత్రం ఒక మాట తప్పకుండా వెళ్లేది.

1975 ప్రాంతంలో గొర్లు కాసే పెద్దాయన ఒకాయన వచ్చేవాడు. పాదాలు వాచి చెప్పు పట్టేది కాదు. పడుకుంటే ఆయాసం, కూర్చుంటేనే ఊపిరి. గుండె డీలా పడిందని మా డాక్టరు సాబు డిగాక్సిన్ గోలి రాశాడు. రాసి ఊరుకోలేదు. లేచి వచ్చి బల్ల మీద ఆయన పక్కన కూర్చున్నాడు. "పెద్దాయనా, అలసిన ఎద్దుకు ముల్లుగర్ర ఎట్లనో నీ గుండెకు ఈ గోలి అట్ల. తగినంత అయితే బండి కదుల్తది. ఎక్కువైతే ఎద్దు కూలబడ్తది. పొద్దున నాడి నిమిషానికి అరవై కన్నా తక్కువ కొట్టుకుంటే ఆ దినం గోలి వేసుకోకు. కండ్లకు లోకం పచ్చపచ్చగా కనబడ్డా, కడుపుల తిప్పినా, ఉన్న పళాన నా కాడికి రా" అన్నాడు. ఆయన ఊళ్లో చేతి గడియారం ఉన్నది కిరాణా దుకాణం శెట్టి ఒక్కడికే. గొర్లు తోలుకుపోయే ముందు ప్రతి పొద్దూ దుకాణం అరుగు మీద చెయ్యి చాపి నాడి లెక్కపెట్టించుకున్నాడు ఆ పెద్దాయన. శెట్టి పలక మీద సుద్దతో అంకె వేసేవాడు. అట్లా నాలుగేళ్లు నడిచింది. డిగాక్సిన్ కాస్త ఎక్కువైతే ప్రాణం తీసే మందు. చదువురాని గొర్లకాపరి, కిరాణా శెట్టి కలిసి దాన్ని నాలుగేళ్లు పొరపాటు లేకుండా నడిపించారు. ఎందుకంటే ఆ గోలి ఏం చేస్తుందో వాళ్లకు ఒకరు కూర్చుని చెప్పారు.

ఇప్పుడు నా కళ్లముందు జరిగేదేమిటి? చేతికి కట్టుకున్న గడియారమే నాడి చూపిస్తుంది. రక్తంలో కొవ్వు ఎంతుందో సాయంత్రానికి ఫోన్‌లోకి వస్తుంది. ఇంగ్లీషులో చిట్టీ. మందుల దుకాణంలో కుర్రవాడు గోలీల పట్టీలు కత్తిరించి కవరులో పడేసి, కవరు మీద పెన్నుతో గీతలు గీసి పంపిస్తాడు. ఆ పట్టీలో ఏముందో, ఎందుకో, ఎన్నాళ్లో, ఏమైతే ఆపాలో, ఏమైనా ఎందుకు ఆపకూడదో ఎవరూ చెప్పరు. డాక్టరు దుకాణంవాడు చెప్తాడనుకుంటాడు, దుకాణంవాడు డాక్టరు చెప్పాడనుకుంటాడు. నడుమ మనిషి ఇంటికి పోయి భయపడతాడు. ఈ పాడు అలవాటు ఎంత ఖరీదు పెట్టిస్తుందో మా బావ విషయంలో చూశాను. అందుకే ఇది రాస్తున్నాను.

ఆ కథ చెప్పే ముందు మా వయసువాళ్లు చాలామంది అనే మాట ఒకటి సరిదిద్దాలి. "మా రోజుల్లో గుండెపోట్లెక్కడివి? జొన్నరొట్టె, గానుగ నూనె, మైళ్ల నడక" అంటారు. నేను ఒప్పుకోను. గుండెపోట్లు ఉండేవి. వాటికి పేరు లేదు, అంతే. "రాత్రి అన్నం తిన్నడు, ఛాతిల మంటన్నడు, తెల్లారేసరికి లేడు" అని బండి వెనకాల ఏడ్చుకుంటూ వచ్చినవాళ్లను నేనెంతమందిని చూశానో. గాలి తగిలిందనేవాళ్లు, చేతబడి అనేవాళ్లు. గద్వాల వైపు నడిగడ్డ మనిషికి నొప్పి వస్తే కర్నూలుకో రాయచూరుకో పోవాలి. చాలామంది దారిలోనే పోయేవాళ్లు. దవాఖాన దాకా వచ్చినా నాలుక కింద పెట్టే సార్బిట్రేట్, ఆస్ప్రిన్, నీరు తీసే లాసిక్స్, ఇంత ధైర్యం. మా దగ్గర ఉన్నది అంతే.

జొన్నరొట్టె మంచిదే, నడక ఇంకా మంచిది. అవి ఉన్నా మన నేలలో గుండెపోటు తొందరగానే వస్తుంది. యాభై రెండు దేశాల్లో చేసిన ఇంటర్‌హార్ట్ అధ్యయనంలో మన దక్షిణాసియా వాళ్లకు మొదటి పోటు సగటున 53 ఏళ్లకే వచ్చిందని తేలింది. మిగతా దేశాలవాళ్లకు 58 దాటాక. అందుకే వసతులు పెరిగితే సంతోషించినవాణ్ణి నేను. 2007 ఏప్రిల్‌లో ఆరోగ్యశ్రీ మొదలుపెట్టినప్పుడు మొట్టమొదటి మూడు జిల్లాల్లో మా ఉమ్మడి మహబూబ్‌నగర్ ఒకటి. అప్పటికి నా సర్వీసు ఇంకో ఏడాదే మిగిలింది. కూలికి పోయిన పాలమూరు మనిషి గుండె ఆపరేషన్ చేయించుకుని నడిచి ఇంటికి రావడం చూసి కళ్లనీళ్లు పెట్టుకున్నాను. 2022లో వనపర్తికీ నాగర్‌కర్నూలుకూ, 2024లో గద్వాలకూ మెడికల్ కాలేజీలు వచ్చాయి. అప్పటి ఒక్క జిల్లాకు ఇన్ని వస్తాయని 1972లో ఎవరైనా అంటే నవ్వేవాళ్లం. ఇన్ని వచ్చినా, పక్కన కూర్చుని చెప్పే ఆ బల్ల మాత్రం ఎక్కడా కనబడటం లేదు.

మా బావది రాజోలి. తుంగభద్ర ఒడ్డున మగ్గాల ఊరు. గద్వాల చీర అంటే అందరికీ తెలుసు. నూలు ఒళ్లు, పట్టు అంచు, ఆ రెండింటినీ మగ్గం మీదనే పోగుకు పోగు ముడివేసి కలిపే పని. గుంట మగ్గంలో కాళ్లు వేలాడేసి, తొక్కుడు చెక్కలు మార్చి మార్చి తొక్కుతూ యాభై ఏళ్లు నేశాడు. 2021లో ఒక రాత్రి ఛాతీ పట్టేసింది. సుంకేసుల మీదుగా కర్నూలుకు తీసుకుపోయారు. ఒక ప్రైవేటు ఆసుపత్రిలో స్టెంటు వేశారు. ప్రాణం దక్కింది, ఆ డాక్టర్ల చేతులకు దండం పెడతాను. నాలుగో రోజు ఏడు రకాల గోలీలతో ఇంటికి పంపించారు. అందులో ఒకటి కొవ్వు తగ్గించే అటార్వాస్టాటిన్, 80 మిల్లీగ్రాములు. చిట్టీ మీద 'హెచ్.ఎస్.' అని ఉంది. పడుకునే ముందు అని దాని అర్థం. అది ఆయనకు ఎవరు చెప్పారు? కవరు మీద ఒక గీత చూసి రోజుకొకటి అనుకున్నాడు, అంతే.

రెండేళ్లు వేసుకున్నాడు. 2023లో పిక్కలు లాగడం మొదలైంది. అదే సమయానికి ఫోన్‌లో ఒక వీడియో వచ్చింది. కొవ్వు గోలి కాళ్ల కండను కరిగిస్తుందని, గుండె కూడా కండే కాబట్టి దాన్నీ కరిగిస్తుందని, కంపెనీలు దాస్తున్నాయని. బావ ఎవరినీ అడగలేదు. కవరులో నుంచి ఆ ఒక్క పట్టీ తీసి పారేశాడు. ఎనిమిది నెలలకు మళ్లీ పోటు. మానినందుకే వచ్చిందని నేను తక్కెడలో పెట్టి తూచలేను. కానీ మానకుండా ఉంటే తప్పే అవకాశం ఎక్కువని గట్టిగా చెప్పగలను. ఈసారి గుండె గోడలో కొంత భాగం చచ్చిపోయింది. ఎకోలో పంపింగు 35 శాతం అని వచ్చింది. మామూలు మనిషికి యాభై అయిదుకు అటూ ఇటూ ఉండాలి.

చూడటానికి పోతే మంచం మీద నుంచే నన్ను నిలదీశాడు. "చూసినవా బామ్మర్దీ? రెండేండ్లు తిన్న, గుండె కండ కరిగిపాయె. ముప్పై అయిదుకొచ్చింది. నువ్వు నలభై ఏండ్లు దవాఖానల ఉండి ఒక్కనాడన్న చెప్పకపోతివి!"

నాకు నోట మాట రాలేదు. కండ చచ్చింది రక్తనాళం మూసుకుపోయి. ఆయన తప్పంతా నాళం మూసుకోకుండా చూసే గోలి మీద వేశాడు. అయినా ఆయన అడిగిన ప్రశ్న పిచ్చిది కాదు. పెద్ద పెద్ద డాక్టర్లు కూడా అడిగిన ప్రశ్న అది. దానికి జవాబు ఉంది. ఆ జవాబు రాజోలి దాకా ఎవరూ మోసుకురాలేదు. అదీ నా బాధ.

మా వీధి అమ్మాయి వనపర్తి కాలేజీలో ఎంబీబీఎస్ చదువుతోంది. ఆమెను అడిగి ఇంగ్లీషు కాగితాలు తెప్పించుకుని, డిక్షనరీ పక్కన పెట్టుకుని వారం రోజులు చదివాను. అప్పుడెవరో బావకు చెప్పి ఉండాల్సింది ఇప్పుడు నేను చెప్తాను.

మన ఒంట్లో కొవ్వు మనం తినేదాని వల్లే కాదు, ఎక్కువ భాగం కాలేయం వండుతుంది. ఆ వంటలో ఒక మెట్టు దగ్గర ఒక ఎంజైము ఉంది. స్టాటిన్, అంటే బావ పారేసిన కొవ్వు గోలి రకం, వెళ్లి దాన్ని అడ్డుకుంటుంది. కాలేయానికి కొవ్వు కరువై, రక్తంలో తిరిగే చెడ్డ కొవ్వును లాగేసుకుంటుంది. దీన్ని కనిపెట్టింది జపాన్‌లో రైతుబిడ్డ అకిరా ఎండో. చిన్నప్పటి నుంచి బూజులన్నా పుట్టగొడుగులన్నా ఆయనకు ఇష్టం. ఆరువేల పైచిలుకు బూజు రకాలు ఒక్కొక్కటే పరీక్షించి, 1973లో కియోటోలో ఒక బియ్యం దుకాణంలో దొరికిన బూజులో ఆ పదార్థం పట్టుకున్నాడు. అంత ఓపిక ఉన్న మనిషి పేరు ఆ గోలి మింగేవాళ్లలో వెయ్యికొకరికైనా తెలియదు. 2024లో పోయాడు.

ఇక బావ భయం సంగతి. అదే పొయ్యి మీద కొవ్వుతో పాటు కోఎంజైమ్ క్యూ10 అనే ఇంకో పదార్థం కూడా తయారవుతుంది. పొయ్యి సెగ తగ్గిస్తే రెండూ తగ్గుతాయి కదా? కండ కణం తన బలాన్ని ఏటీపీ రూపంలో దాచుకుని వాడుకుంటుంది. ఆ ఏటీపీ తయారీకి ఈ క్యూ10 కావాలి. ఇక్కడ మన తెలుగువాడి పేరు చెప్పకుండా ముందుకు పోలేను. కండలో బలం ఏ రూపంలో ఉంటుందో లోకానికి చూపించినవాళ్లలో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు ఒకరు. హార్వర్డులో ఫిస్కేతో కలిసి 1927లో ఫాస్ఫోక్రియాటిన్, తర్వాత 1929లో ఏటీపీ. ఇవాళ స్టాటిన్ వల్ల కండ దెబ్బతిన్నదా అని చూసే సీపీకే రక్తపరీక్షలో కొలిచేది ఆ ఫాస్ఫోక్రియాటిన్‌తో పనిచేసే ఎంజైమునే. మన పిల్లలకు ఏ సినిమా ఎన్ని కోట్లు చేసిందో తెలుసు. ఈ పేరు చెప్తే ఎవరాయన అంటారు.

గుండె క్షణం ఆగకుండా కొట్టుకునే కండ. దానికి ఏటీపీ తగ్గితే ఏమవుతుందన్న అనుమానం శాస్త్రజ్ఞులకే వచ్చింది. 2004లో అమెరికాలో పద్నాలుగు మందికి స్టాటిన్ ఇచ్చి ఎకో తీస్తే, గుండె వదులై రక్తం నింపుకునే తీరు కొందరిలో కాస్త మందగించినట్టు కనబడింది. క్యూ10 ఇస్తే మెరుగుపడిందట. 2009లో ఇంకో చిన్న అధ్యయనం గుండె గోడ సాగే తీరును కొలిచి అలాంటి మాటే అంది. ఫోన్ వీడియోలు ఎత్తుకున్నవి ఇవే. పద్నాలుగు మంది అన్న సంగతి మాత్రం వీడియోలో చెప్పరు.

చిన్న లెక్కతో భయం పుట్టింది కనుక పెద్ద లెక్కతో తేల్చాలి. తేల్చారు. గుండె డీలా పడిన ముసలివాళ్లను, అంటే స్టాటిన్ గుండె కండను తినేదైతే ముందుగా కూలిపోవాల్సినవాళ్లను, 5,011 మందిని తీసుకుని సగంమందికి రోసువాస్టాటిన్ 10 మిల్లీగ్రాములు, సగంమందికి మందు లేని ఉత్త గోలి ఇచ్చారు. కరోనా అని ఆ అధ్యయనం పేరు. రోగం రాకముందే, 2007లో వచ్చింది. గోలి వేసుకున్నవాళ్లలో చావులు పెరగలేదు. గుండె మరింత కుంగలేదు. దవాఖానలో చేరాల్సిన అవసరం వాళ్లకే తక్కువ పడింది. మరుసటి ఏడాది ఇటలీలో 4,574 మందితో చేసిన దాంట్లోనూ హాని కనబడలేదు. అంతకు ముందు 1994లో ఉత్తర యూరప్‌లో గుండెజబ్బు ఉన్న 4,444 మందిని అయిదేళ్లకు పైగా చూశారు. ఉత్త గోలి వేసుకున్నవాళ్లలో 256 మంది పోయారు, సింవాస్టాటిన్ వేసుకున్నవాళ్లలో 182 మంది. డెబ్భై నాలుగు ప్రాణాల తేడా. ఆ మందిలోనే కొత్తగా గుండె డీలా పడినవాళ్లు ఉత్త గోలి వైపు నూటికి పది మందికి పైగా, మందు వైపు ఎనిమిది మందికి కాస్త పైగా. గుండె కండను తినే గోలి గుండె డీలాను తగ్గిస్తుందా?

నిజం చెప్పాలంటే పూర్తి నిజమే చెప్పాలి. కరోనాలోనూ ఇటలీలోనూ హాని లేదు కానీ, చావులూ తగ్గలేదు. గుండె బాగా డీలా పడ్డాక ఈ గోలి కొత్తగా మొదలుపెడితే పెద్దగా ఒరిగేదేమీ లేదని వాటి అర్థం. ఎప్పుడు పనిచేస్తుందో అప్పుడే వేసుకోవాలి, కండ చావకముందు. నా బావ పారేసిన ఆ ఎనిమిది నెలలు అందుకే నన్ను నిద్రపోనివ్వవు.

కొవ్వు మందుల మీద అనుమానం అసలే కూడదని కూడా నేననను. మా రోజుల్లో క్లోఫైబ్రేట్ అని ఉండేది. కొవ్వు తగ్గేది, కొన్ని గుండెపోట్లూ తగ్గాయి. 1978లో ప్రపంచ ఆరోగ్య సంస్థ అధ్యయనం బయటికొస్తే, ఆ మందు వేసుకున్నవాళ్లలో మొత్తం చావులు పెరిగాయని తేలింది. 2001 ఆగస్టులో సెరివాస్టాటిన్‌ను బేయర్ కంపెనీ బజారు నుంచే తీసేసుకుంది. కండలు కరిగి, ఆ కరిగిన సరుకు మూత్రపిండాలకు అడ్డంపడి మనుషులు పోయారు. అలాంటిది ఇప్పటి స్టాటిన్లతో ఎప్పుడో ఎక్కడో వేలమందిలో ఒకరికి జరగొచ్చు. ఒళ్లంతా భరించలేని కండల నొప్పులు, మూత్రం టీ డికాషన్ రంగులో రావడం, అవీ గుర్తులు. అవి కనబడితే గోలి ఆపి అదేరోజు డాక్టరు దగ్గరకు పోవాలి. మూడు వాక్యాలు. గోలి ఇచ్చేటప్పుడు చెప్పడానికి అరనిమిషం పట్టదు. మా పాత డాక్టరు సాబు లోకం పచ్చగా కనబడితే రమ్మని చెప్పిన మాటకు ఇది తోబుట్టువు.

మరి పిక్కల నొప్పి? బావ నొప్పి అబద్ధమని నేనెప్పుడూ అనలేదు. కానీ నొప్పి గోలిదా, మగ్గానిదా? లండన్‌లో నొప్పుల వల్ల స్టాటిన్ మానేసిన అరవై మందికి పన్నెండు సీసాలిచ్చారు. నాలుగు నెలలు మందు, నాలుగు నెలలు ఉత్త గోలి, నాలుగు నెలలు ఏదీ లేదు. ఏ సీసాలో ఏముందో చెప్పలేదు. మందు నెలల్లో ఎంత నొప్పి రాసుకున్నారో, ఉత్త గోలి నెలల్లోనూ దాంట్లో నూటికి తొంభై వంతులు రాసుకున్నారు. నొప్పి నిజం, భయం దాన్ని మోసుకొచ్చింది. ఆ సంగతి విడమరిచి చెప్పాక వాళ్లలో సగంమంది మళ్లీ గోలి మొదలుపెట్టారు. చెప్పడానికి ఉన్న బలం అది. 2022లో లాన్సెట్‌లో వచ్చిన పెద్ద లెక్క కూడా ఇదే చెప్పింది. మొదటి ఏడాదిలో వెయ్యిమందికి పదకొండు మందికే గోలి వల్ల అదనంగా కండల నొప్పులు. తర్వాత అదీ లేదు. బావకు నొప్పి వచ్చింది రెండేళ్లు దాటాక. దసరా ముందు ఆర్డర్లు వచ్చి పద్నాలుగు గంటలు తొక్కుడు చెక్కల మీద ఉన్న నెలలో. ఆ సంగతి అడిగినవాళ్లు లేరు.

అడగాల్సినవి ఇంకా ఉన్నాయి. థైరాయిడ్ తక్కువైతే ఈ గోలితో నొప్పులెక్కువ. పరీక్ష చేయించారా? ఎవరూ చేయించలేదు. మన ఆసియావాళ్ల రక్తంలో రోసువాస్టాటిన్ తెల్లవాళ్లకన్నా దాదాపు రెట్టింపు చేరుతుందని, అయిదు మిల్లీగ్రాములతో మొదలుపెట్టమని అమెరికా మందుల సంస్థ చీటీ మీదనే రాయించింది. మనవాళ్లు మన ఊళ్లో రాసేటప్పుడు అది గుర్తుపెట్టుకుంటున్నారా? మోతాదు తగ్గించవచ్చు, రకం మార్చవచ్చు, తోడుగా ఎజెటిమైబ్ ఇవ్వచ్చు. ఇన్ని దారులుండగా మనిషికి తెలిసింది ఒక్కటే, పట్టీ తీసి పారేయడం.

క్యూ10 గోలీలను ఇప్పుడు తళతళలాడే డబ్బాల్లో అమ్ముతున్నారు. గుండె డీలా పడిన 420 మందితో చేసిన ఒక అధ్యయనంలో, 2014లో వచ్చింది, మేలు కనబడింది. మంచిదే. అయితే స్టాటిన్ వేసుకునే ప్రతివాడూ కొనాలనేంత రుజువు ఇంకా లేదు. నెలంతా నేసిన కూలిలోంచి ఆ డబ్బా కొనమని మా బావతో నేననను. ఎవరైనా అంటే కోపం వస్తుంది.

మొన్న సంక్రాంతి తర్వాత రాజోలి పోయాను. బావకు ఇప్పుడు ఒక కొత్త డాక్టరు దొరికాడు. చిన్న వయసే అయినా ఓపిక ఉన్నవాడు. థైరాయిడ్ చూశాడు, సీపీకే చూశాడు, రోసువాస్టాటిన్ అయిదుతో మొదలుపెట్టి పదికి తెచ్చాడు. పిక్కలు నొప్పి పెట్టలేదు. పంపింగు 42కు వచ్చింది. గుండెకు వేరే మందులు కూడా ఇచ్చారు కనుక అది కొవ్వు గోలి చలవ అని నేననను. బావకూ అట్లాగే చెప్పాను, ఉన్నది ఉన్నట్టు.

అక్క గోలీల కవరు తెచ్చి నా ముందు పోసింది. "తమ్మీ, ఇవి మళ్లొకసారి చెప్పు, నేను గుర్తువెట్టుకుంట" అంది. ఒక పాత ఇత్తడి పెట్టె తెమ్మన్నాను. తెల్లకాగితం చీల్చి మడతలు పెట్టి, కత్తెరతో గాటు కొట్టి విప్పాను. ఒక్కో గాటు పక్కన తెలుగులో రాశాను. ఇది రక్తం గడ్డకట్టకుండా, పొద్దున. ఇది గుండె మీద బరువు తగ్గించడానికి, పొద్దున. ఇది నాళం మళ్లీ మూసుకోకుండా, రాత్రి, కండను తినదు, నొప్పొస్తే నాకు ఫోన్ చెయ్యి, మానొద్దు. బావ కళ్లద్దాలు పెట్టుకుని, పట్టు అంచు చూసినట్టు, ఒక్కో గాటు మీద వేలు జరుపుతూ చదివాడు. "ఇది ఉచ్చ డికాషన్ లెక్క అనేది ఎక్కడ రాసినవ్?" అని అడిగాడు. మరిచిపోయాను. కింది గాటు దగ్గర రాశాను.

పక్కింట్లో మగ్గం ఆగింది. ఆ ఇంటాయన గడపలో నిలబడ్డాడు. చేతిలో ఒక మందుల కవరు, దాని మీద నీలం పెన్ను గీతలు. ఆయన వెనక ఇంకొకామె, ఆమె చేతిలోనూ కవరు. బావ జరిగి చాప మీద చోటిచ్చాడు. వనపర్తి పోయే నా బస్సు సాయంత్రం నాలుగింటికి. అయిదో కవరు విప్పేసరికి అక్క దీపం పెట్టింది.